పెద్దమ్మ కుట్టిన నవలలు

పెద్దమ్మ సంవత్సరీకానికి తెనాలి వెళ్ళాను. కార్యక్రమం ముగిసి భోజనాలకు ఇంకా వ్యవధి ఉండటంతో అన్నయ్య అటక మీది ఇనుప పెట్టె దింపించాడు. తాళంచెవి ఎప్పుడో పోయింది. సుత్తితో రెండు దెబ్బలు వేస్తే గొళ్ళెం ఊడింది. మూత ఎత్తగానే వచ్చిన వాసనను ఇట్టే గుర్తుపట్టాను. పాత కాగితం వాసన ఎవరికైనా తెలుస్తుంది. దాని అడుగున ఇంకొకటి ఉంది. ఉడికించిన మైదా, మైలుతుత్తం కలిసిన వాసన. వదిన ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం పెట్టె పక్కనే చతికిలబడ్డాను.

పెద్దమ్మ చదువు అయిదో తరగతితో ఆగింది. పుస్తకాలు కుట్టే పని ఎవరి దగ్గర నేర్చుకుందో గాని, అందులో ఆమెకు వంక పెట్టేవాళ్ళు లేరు. పత్రిక మధ్యలోని పిన్నులు చాకు మొనతో లేపి, సీరియల్ పేజీలు విడదీసుకుని, మిగిలినదంతా పొట్లాలకు పచారీ కొట్టుకు పంపేది. సీరియల్ పూర్తయ్యాక ఆ పేజీలన్నీ రోలు కింద పెట్టి రెండు రోజులు అణచిపెట్టేది. తర్వాత దబ్బనంతో మూడు చోట్ల బెజ్జాలు పొడిచి, దారానికి మైనం రాసి కుట్టేది. అట్టకు పాత క్యాలెండరు, వెన్నుకు చిరిగిన చీర అంచు.

జిగురు పని మాత్రం ఎవరికీ అప్పగించేది కాదు. సత్తు గిన్నెలో మైదా కలిపి కుంపటి మీద పెట్టి, ఉండలు కట్టకుండా తిప్పుతూ, చిక్కబడుతుండగా చిటికెడు మైలుతుత్తం పొడి చల్లేది. తెల్లటి జిగురులో నీలం చారలు ఒక చుట్టు తిరిగి కలిసిపోయేవి. ఆ చారల కోసమే పిల్లలం కుంపటి చుట్టూ చేరేవాళ్ళం. "వేలు పెట్టి నాకారంటే చస్తారు" అని అట్లకాడ ఎత్తేది. పురుగు పట్టకుండా అదే మందు. ఇన్ని దశాబ్దాల తర్వాత పెట్టె తెరిస్తే, కాగితం అప్పడంలా విరుగుతోంది గాని ఎక్కడా ఒక్క చిల్లు లేదు.

ఆ పుస్తకాల్లో ఒక తమాషా ఉంది. సీరియల్ పేజీ వెనక వైపు ఏముంటే అదీ నవలలో కలిసిపోయేది. నాయిక ఇల్లు వదిలి వెళ్ళిపోయే ఘట్టం పక్కన వంకాయ మెంతికారం చేసే విధానం సగం. తలనూనె ప్రకటనలో జడ వేసుకుంటున్న అమ్మాయి. ఆ వారం రాశిఫలాల్లో తులారాశి నుంచి మీనం దాకా మాత్రమే. ఒకచోట ఎవరిదో కథ చివరి సగం ఉండేది. పెళ్ళికొడుకు రైలు తప్పిపోయి వేరే ఊళ్ళో దిగుతాడు. అసలు అతను ఆ రైలు ఎందుకెక్కాడో మొదటి సగం పొట్లం అయిపోయింది కాబట్టి మాకు తెలియదు. దాని మీద మేమే రకరకాల కారణాలు అల్లేవాళ్ళం.

* * *

నేను పుస్తకం పట్టుకోకముందే నవలలు విన్నాను. ఎండాకాలం మధ్యాహ్నాలు వెనక వసారాలో కొత్త చింతపండు కుప్ప పోసి, చుట్టూ నలుగురైదుగురు ఆడవాళ్ళు కూర్చుని పిక్కలు తీసేవాళ్ళు. మా పెద్దక్క గోడకు ఆనుకుని చదివేది. చదివే మనిషికి చింతపండు పని మినహాయింపు. అందుకే ఆ ఉద్యోగానికి ఇంట్లో పోటీ ఉండేది.

పెట్టెలో అన్నిటికన్నా పైన దొరికింది యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’. జ్యోతి మాసపత్రికలో సీరియల్‌గా వచ్చినప్పుడు పెద్దమ్మ దాచి కుట్టింది. నేను వినేనాటికి అది ఎన్నోసారి చదవడమో! అయినా నాయకుడు రాజశేఖరం వచ్చే ఘట్టం దగ్గరపడితే పిక్కలు తీసే చేతులు నెమ్మదించేవి. నాయిక జయంతికి పొగరని మా అమ్మ, కాదు పౌరుషమని పెద్దమ్మ. ఈ తగవు ఒక ఎండాకాలంలో తేలలేదు, మరో ఎండాకాలానికి వాయిదా పడేది. పక్కింటి మామ్మగారికి చదవడం రాదు. కథ ముందుగా చెప్పడంలో మాత్రం ఆవిడను మించినవాళ్ళు లేరు. "ఇదిగో చూడు, ఈ పిల్ల ఇప్పుడు చెప్పాపెట్టకుండా వెళ్ళిపోతుంది" అనేవారు. అక్క పేజీ తిప్పేది. పిల్ల వెళ్ళిపోయేది. "నాకు తెలుసు" అని చింతపండు చేత్తోనే నుదురు కొట్టుకునేవారు.

ఆ నవలల్ని కారు, మేడ, ఆరడుగుల అందగాడు అని వెక్కిరించడం తర్వాత రోజుల్లో గొప్ప అయింది. నేనూ కాలేజీలో వెక్కిరించే బృందంలోనే తిరిగాను. మొన్న పెట్టెలోంచి తీసి మళ్ళీ చదివాను. రాజశేఖరం మాటతీరు ఈనాటి ఆఫీసులో ఒక్క వారం కూడా చెల్లదు. కాని ఒక ఆడపిల్ల ఉద్యోగానికి బయల్దేరడం, తనకు నచ్చని మాట అన్న యజమానికి మొహం మీదే జవాబు చెప్పడం ఆ వసారాలో ఎలా వినపడిందో నేను చూశాను. పిక్కలు తీసేవాళ్ళలో ఒక్కరు కూడా సొంతంగా రూపాయి సంపాదించినవాళ్ళు లేరు.

* * *

బోసు రోడ్డు నుంచి లోపలికి తిరిగే సందులో అద్దె పుస్తకాల కొట్టు ఉండేది. దాన్ని నడిపే ఆయన బడిపంతులుగా చేసి మానేసిన మనిషి. ఊరంతటికీ మాస్టారే. మూడు గోడలకూ నేల నుంచి కప్పు దాకా పుస్తకాలు. ఒక్కదానికీ అసలు అట్ట కనిపించదు. అన్నిటికీ ఖాకీ కాగితం అట్టలు, వెన్ను మీద ఎర్ర సిరాతో నంబరు. ఏ నంబరు ఏ నవలో మాస్టారికి తప్ప మరొకరికి తెలియదు. కాబట్టి మనం ఎంచుకోవడం అన్న మాటే లేదు. ఆయన మొహం చూసి ఇచ్చేవారు.

నాకు కావలసింది కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ నవలలు. యుగంధర్ ఏ తలుపు తీస్తాడో, ఆ తలుపు వెనక ఎవరుంటారో తెలియకపోతే రాత్రి అన్నం సయించేది కాదు. మాస్టారు దానికొక షరతు పెట్టారు. ఒక డిటెక్టివ్ అద్దెకు తీసుకుంటే, ఇంకో పుస్తకం ఆయన ఊరికే ఇస్తారు. అది ఆయన ఇష్టం. తిరిగి ఇచ్చేటప్పుడు దానిలోంచి ఒక ప్రశ్న. జవాబు రాకపోతే తర్వాతి యుగంధర్ ఆ పూటకు లేడు. మా నేస్తాల్లో చాలామంది ఈ బాధ పడలేక ఇంకో కొట్టుకు మళ్ళారు. నాకు డబ్బులు కలిసొస్తున్నాయి గనక నేను మళ్ళలేదు.

అలా ఊరికే వచ్చినవాటిలో శరత్ నవలల అనువాదాలు ఉన్నాయి. ఆయన బెంగాలీవాడన్న సంగతి నాకు చాలాకాలం తట్టలేదు. మా వీధిలోనే ఇద్దరు ముగ్గురు దేవదాసులు తిరిగేవాళ్ళు మరి. కొడవటిగంటి కుటుంబరావు ‘చదువు’ కూడా అలాగే వచ్చింది. "మన ఊళ్ళో పుట్టినాయన, జాగ్రత్తగా చదువు" అని రెండు చేతులతో ఇచ్చారు మాస్టారు. ముప్ఫై పేజీలకు మించి నావల్ల కాలేదు. హత్య లేదు, ప్రేమ లేదు. ఒక పిల్లవాడు బడికి వెళతాడు, వస్తాడు. ఇదేం నవల అనుకున్నాను.

ఆ కొట్టు పుస్తకాల్లో మార్జిన్లు కూడా చదవవలసినవే. ఊళ్ళో పాఠకులందరూ అక్కడ మాట్లాడుకునేవారు. ‘వీడి మాట నమ్మకండి’ అని ఒకరు పెన్సిలుతో రాస్తే, ‘నమ్మి చెడ్డది మీరేనా’ అని కింద నీలం సిరాతో ఇంకొకరు. డిటెక్టివ్ నవలలో పదిహేనో పేజీలోనే ఒక పేరు చుట్టూ సున్నా చుట్టి ‘హంతకుడు’ అని రాసిన దుర్మార్గుడు ఒకడుండేవాడు. వాణ్ణి పట్టుకోవడానికి మాస్టారు చేతిరాతలు పోల్చి చూసేవారు. చివరకు దొరికాడో లేదో గాని, ఆ పరిశోధనలో నేనూ కొన్నాళ్ళు సహాయకుడిగా పనిచేశాను.

* * *

ఈ అద్దె కొట్ల గోల చూసి మా తాతయ్య నవ్వేవారు. ఆయన నాటికి పుస్తకమే మనిషి దగ్గరకు వచ్చేదట. పెదపాలెం పాతూరి నాగభూషణం గారు 1935లో కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువలో పడవ గ్రంథాలయం నడిపించారు. కాలువ ప్రయాణమంటే తొందర లేని ప్రయాణం. పడవ ఎక్కినవాళ్ళు పుస్తకం తీసుకుని, దిగేలోపు చదివి ఇచ్చేయాలి. కథ ఆఖరి పేజీల్లో ఉండగా తమ రేవు వచ్చేస్తే కొందరు దిగేవారు కాదని, ముందు రేవులో దిగి వెనక్కు నడిచేవారని తాతయ్య చెప్పేవారు. ఆయన మాటల్లో కల్పన పాలు ఎంతో నేను లెక్క వేయలేదు. ఆయన వెయ్యి నవలల కొవ్వలి అభిమాని, ఆ మాత్రం అతిశయం ఉంటుంది.

* * *

ఉద్యోగం టెలిఫోను ఎక్స్ఛేంజిలో వచ్చింది. ఎస్‌టీడీ (ఆపరేటరు లేకుండా వేరే ఊరికి నేరుగా డయల్ చేసే వీలు) ఇంకా మా ఊళ్ళకు రాని రోజులు. ట్రంకు కాల్ బుక్ చేసుకుని జనం గంటల తరబడి ఎదురుచూసేవారు. ఆర్డినరీ, అర్జెంటు, లైట్నింగ్ అని తరగతులు, చెల్లించే రేటును బట్టి వరస. బోర్డు మీద దీపం వెలిగితే తీగ గుచ్చడం, అవతలి ఊరి ఆపరేటరును పిలవడం, మూడు నిమిషాలు కాగానే "పొడిగించమంటారా?" అని అడగడం. పగలు ఊపిరి సలిపేది కాదు. రాత్రి పన్నెండు దాటాక చావు కబుర్లు, కాన్పు కబుర్లు తప్ప ఇంకేమీ రావు. మిగిలిన సమయమంతా నవలలదే.

రాత్రి డ్యూటీలో అందరం మగవాళ్ళమే. సొరుగు లాగితే ఎవరి సొరుగులో చూసినా ఆడవాళ్ళు రాసిన నవలలే. మా సూపర్‌వైజరు గారు గుబురు మీసాల మనిషి, గొంతెత్తితే రిజిస్టర్లు ఎగిరేవి. ఒక రాత్రి ఆయన టార్చిలైటు వెలుగులో ‘జీవన తరంగాలు’ చదువుతూ జేబురుమాలు తీయడం నేను చూశాను. చూసినట్టు ఆయన చూశారు. ఆ మర్నాటి నుంచి నాకు సెలవు అడగ్గానే మంజూరయ్యేది.

యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ ఆంధ్రభూమి వారపత్రికలో వస్తున్న రోజులు తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. చేతబడి, పసిపిల్ల ప్రాణం. చదువుకున్న ఆపరేటర్లు రాత్రిపూట ఒంటరిగా మెట్లు దిగడం మానేశారు. పత్రిక పట్నాలకు ముందు వచ్చేది, మా ఊరికి మర్నాడు ఉదయం బస్సులో దిగేది. ఆ ఒక్క రాత్రి ఆగలేక, పట్నం ఎక్స్ఛేంజిలో ఉన్న ఆపరేటరును లైన్లో పట్టుకునేవాళ్ళం. ఆయన మొహం ఎన్నడూ చూడలేదు. గొంతు ఒక్కటే పరిచయం. "గురువుగారూ, పత్రిక వచ్చిందా? పాప సంగతి ఏమయింది?" అంటే, ఆయన కాసేపు బెట్టు చేసి, దగ్గి, చదవడం మొదలుపెట్టేవారు. మా గదిలో నలుగురం ఒకే హెడ్‌సెట్‌కు చెవులు ఆనించి నిలబడేవాళ్ళం.

ఒక రాత్రి అలాగే సాగుతుండగా మధ్యలో మూడో గొంతు వినిపించింది. కీ సరిగా మూయలేదు. కాల్ కోసం లైన్లో ఎదురుచూస్తున్న పెద్దాయన అంతా వింటున్నాడు. పళ్ళు ఊడగొడతాడని అందరం బిగుసుకుపోయాం. ఆయన అన్నది ఇది: "బాబూ, ముందు మా అల్లుడికి నా కాల్ కలపండి. కోడె అమ్ముడుపోయిందని ఒక్క ముక్క చెప్పి పెట్టేస్తాను. ఆ తర్వాత ఆ పాప సంగతి మళ్ళీ మొదటి నుంచి చదవమనండి." కాల్ కలిపాం. ఆయన ఒక్క నిమిషంలో ముగించాడు. పట్నం గురువుగారు మొదటి నుంచి చదివారు.

ఎస్‌టీడీ వచ్చింది, బోర్డు పోయింది. గురువుగారి పేరు అడిగి రాసుకోవాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

* * *

ఉద్యోగ విరమణ తర్వాత మళ్ళీ నవలల్లో పడ్డాను. పెట్టె దొరికాక ఆ పడటం మరీ ఎక్కువైంది. ‘చదువు’ కొత్తగా కొనుక్కుని మొదలుపెట్టాను, పెద్దమ్మ పెట్టెలో అది లేదు. ఆనాడు ముప్ఫై పేజీల దగ్గర ఆగిన చోటు సులువుగానే దాటిపోయింది. సుందరం చదువు చదువు అంటూ పెరుగుతున్నకొద్దీ చుట్టూ లోకం మారుతుంది. సత్యాగ్రహాలు వస్తాయి, ఆర్థికమాంద్యం వస్తుంది, ఇంటి పరిస్థితి జారుతుంది. రచయిత ఎక్కడా గొంతు పెంచడు. ఏమీ జరగనట్టే ఉంటుంది, పుస్తకం మూస్తే ఇరవై ఏళ్ళు గడిచిపోయి ఉంటాయి. పద్నాలుగేళ్ళ కుర్రాడికి ఇది ఇచ్చిన మాస్టారిది మరీ ఆశ. ఆయన ఉంటే ఏ ప్రశ్న వేసేవారో గాని, ఈసారి జవాబు నా దగ్గర ఉంది.

కేశవరెడ్డి గారి ‘అతడు అడవిని జయించాడు’ ఒక రాత్రిలో చదివాను. కథా ఒక్క రాత్రిదే. తప్పిపోయిన పందిని వెతుక్కుంటూ ముసలివాడు అడవిలోకి వెళతాడు. అంతే. పుస్తకం సన్నంగా ఉంటుంది గాని తేలిక కాదు. రాసినాయన డిచ్‌పల్లిలో కుష్ఠురోగుల ఆసుపత్రిలో పనిచేసిన డాక్టరు. ఆ ముసలివాడి చేతులు, చీకట్లో వాడు గాలి వాసన పట్టే తీరు చదువుతుంటే, రోగి ఒంటిని రోజూ దగ్గరగా చూసిన కన్ను కనిపిస్తుంది. తెలుగులో అడవి గురించి ఇంతకంటే బాగా రాసిన నవల నేను చదవలేదు. కాదనేవాళ్ళతో వాదనకు సిద్ధం.

సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి ‘కొండపొలం’ దాని పక్కన పెట్టి చదవవలసింది. కరువుకు నీళ్ళు లేక గొర్రెల మందలను నల్లమలకు తోలుకుపోయే మనుషులు, వాళ్ళతో పాటు ఉద్యోగం దొరకని ఇంజనీరింగ్ కుర్రాడు. అడవిలో నడక, పులి భయం, నీటి చెలమ వెతకడం మహా గొప్పగా ఉన్నాయి. కుర్రాడికి వచ్చే మార్పు నాకు కాస్త తొందరగా జరిగినట్టు అనిపించింది. గొర్రెలు మాత్రం ఒక్కొక్కటీ గుర్తుండిపోయింది.

కళ్యాణరావు ‘అంటరాని వసంతం’ వేగంగా చదివే పుస్తకం కాదు. రూతు అనే ఆమె తలపోతల్లో తరాలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. నాలుగు పేజీలు చదివి పక్కన పెట్టి, వీధిలోకి వెళ్ళి వచ్చి మళ్ళీ పట్టుకున్నాను. మా వసారాలో చింతపండు పిక్కలు తీస్తూ నవల విన్నవాళ్ళంతా ఎవరు? ఆ చింతపండు చెట్టు దులిపి, బస్తాకెత్తి, పెరటి గుమ్మం దాకా తెచ్చి, లోపలికి రాకుండా వెళ్ళిపోయినవాళ్ళు ఎవరు? ఇది ఆ పుస్తకం చదివాకే నాకు తోచింది. రాజశేఖరం కథ వాళ్ళ చెవిన ఎన్నడూ పడలేదు.

* * *

తర్వాత ఏమి చదవాలన్నది ఇప్పుడు డల్లాస్‌కూ తెనాలికీ మధ్య తగవు. అన్నయ్య కూతురు అక్కడ ఉద్యోగం చేస్తోంది. పెట్టె ఫొటోలు పంపిన నాటి నుంచి ఆదివారం ఉదయం ఫోను. దానికి తెలుగు చదవడం వచ్చు గాని వేగం తక్కువ. కారు నడుపుతూ వింటానంటుంది. "బాబాయ్, నీలా గోడకు ఆనుకుని కూర్చునే తీరిక నాకెక్కడిది?" అంటుంది. వినడం మన ఇంట్లో కొత్త కాదని చెప్పాను.

అది ఎంచుకున్నది బండి నారాయణస్వామి ‘శప్తభూమి’. పద్దెనిమిదో శతాబ్దపు రాయలసీమ, అనంతపురం ప్రాంతపు పాలకులు, ఆ కరువు నేల. 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చిన నవల. నేను మొదటి ముప్ఫై పేజీలు చూశాను, పట్టు ఉంది. కాని నా ఓటు ‘మాలపల్లి’కి. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు జైలులో కూర్చుని 1922లో రాశారు, ప్రభుత్వం నిషేధించింది. మా గుంటూరు జిల్లా నవల. ఈ జిల్లాలో పుట్టినవాళ్ళు దాని పేరు చెప్పినంత జోరుగా లోపలికి వెళ్ళరు. లావు పుస్తకం, పాత భాష, మధ్యమధ్య దీర్ఘ ప్రసంగాలు. ‘అంటరాని వసంతం’ చదివిన కళ్ళతో ఇప్పుడు అది చదవాలని నా పట్టుదల. అందులోని రామదాసు ఓర్పు నాకు ఈసారి ఎలా కనిపిస్తుందో చూడాలి.

తగవు అన్నయ్య తీర్చాడు. అది ‘శప్తభూమి’ చదవాలి, నేను ‘మాలపల్లి’ చదవాలి, ఆదివారం ఒకరి కథ ఒకరికి చెప్పాలి, మధ్యలో ఎవరి ముగింపు ఎవరూ అడగకూడదు. తను మాత్రం ఏదీ చదవడట. వింటాడట, అడ్డుప్రశ్నలు వేస్తాడట. వదిన ఆ పూటకు పెసరట్లు వేస్తానంది. నేను అరవయ్యో పేజీలో ఉన్నాను. డల్లాస్ మనిషి నిన్న రాత్రి మెసేజి పెట్టింది, నూట ఇరవై దాటిందట. నమ్మను.